ఢిల్లీలో తొలి వేసవి
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



వేసవిని గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను కొంత ఆశ్చర్యపడితిని. ఉగాదికి కవిత్వమును గూర్చియు, దసరాకు ధర్మమును గూర్చియు ప్రసంగించువారు మన సంఘమున పెక్కురు కలరు. వేసవిని గూర్చి చెప్పుటకు పాండిత్యము అక్కఱలేదు, చెమట పట్టిన అనుభవము చాలునని వారి యభిప్రాయము కాబోలు. ఆ యోగ్యత నాకు నిండుగా కలదు. 1985 అక్టోబరులో, నా ఇరువదినాలుగవ యేట, ఈ నగరమున ఉద్యోగములో చేరితిని. 2021లో పదవీ విరమణ చేసితిని. చేసియు ఈ యూరు విడువలేదు. నేడు ముందు వరుసలలో కూర్చున్నవారిలో పలువురు క్రొత్తగా కొలువులో చేరినవారు, ఈ యూరి వేసవిని మొదటిసారి చూడబోవువారు. కనుక పెద్ద విషయముల జోలికి పోక, నా మొదటి వేసవి ఎట్లు గడచెనో మాత్రము చెప్పుదును.

మన ప్రాంతము నుండి వచ్చు ప్రతివాడును ఒక మాట అనును: "మాకు ఎండలు క్రొత్తా?" అని. నేనును అంటిని. మాది పల్నాడు. రెంటచింతల ఎండ యనిన తెలియని తెలుగువాడు లేడు. వేసవిలో వార్తలయందు ఆ యూరి పేరు వినబడని దినము అరుదు. మా గ్రామము అచ్చటికి కొద్ది దూరములోనే యున్నది. కాబట్టి ఢిల్లీ వేసవిని గూర్చి ఇచ్చటివారు భయపెట్టినప్పుడు నాలో నేను నవ్వుకొంటిని. సఫ్దర్‌జంగ్ వేధశాలలో 1944 మే 29న నమోదైన 47.2 డిగ్రీలు చాల కాలము ఈ యూరి గొప్పగా చెప్పుకొనబడినది. సరిగా ఎనుబది సంవత్సరములకు, 2024 మే 29న, అదే చోట 46.8 వఱకు పోయినది. ఈ అంకెలు మాకు క్రొత్తవి కావు.

అయితే అంకెలలో లేనిది ఒకటి యున్నది. మా యూరిలో ఎండ కలదు గాని, ఎండలో తిరుగుట లేదు. పొలము పనియైనను, బడియైనను, పెండ్లియైనను, ప్రొద్దున పదింటికి లోపలనే ముగియును. తరువాత ఊరంతయు తలుపులు మూసికొని మిద్దెల క్రింద పడుకొనును. సాయంత్రము అయిదు దాటిన పిదప గాని వీథిలో మనుష్య సంచారముండదు. ఆ క్రమము మాకు ఎవ్వరును నేర్పలేదు. పుట్టినప్పటి నుండి దానిలోనే యుంటిమి కనుక దానిని ఒక విద్యగా గుర్తింపలేదు. ఉద్యోగికి ఆ వెసులుబాటు లేదు. తొమ్మిది గంటలకు కుర్చీలో నుండవలెను, అయిదున్నరకు లేవవలెను. నడుమ అరగంట భోజన విరామము. ఎండ కొఱకు గడియారమును జరుపువారు లేరు.

ఒకప్పుడు ప్రభుత్వమే ఎండకు జడిసి పరుగెత్తెడిది. 1864 నుండి సిమ్లా వేసవి రాజధాని. అప్పటికి రాజధాని కలకత్తా. అచ్చటి నుండి దస్త్రములు, గుమాస్తాలు, వారి పెట్టెబేడలు వేయిమైళ్ళకు పైగా పోయి కొండ యెక్కెడివి. కాల్కా నుండి సిమ్లాకు చిన్న రైలు వచ్చినది 1903లో. అంతకు పూర్వము ఎడ్లబండ్లు, టాంగాలు, కూలీల వీపులు. మద్రాసు ప్రభుత్వము ఇట్లే ఉదకమండలమునకు పోయెడిది. ఆ గుమాస్తాలలో మన తెలుగువారును ఉండి యుందురు. దొరలు చల్లదనమునకు పోయిరి, వీరు దస్త్రముల వెంట పోయిరి. స్వతంత్ర భారతమున మనము ఎచ్చటికిని పోము. అది న్యాయమే. కాని మే నెలలో మూడు గంటల వేళ నేను పలుమారు ఆ గుమాస్తాల మీద అసూయపడితిని.

నేను కరోల్ బాగ్‌లో ఒక బర్సాతీలో ఉండెడివాడను. బర్సాతీ యనగా మిద్దెపై నున్న ఒంటి గది. పేరు వర్షమును బట్టి వచ్చినది గాని, అందు వసించువానికి తెలిసినది ఎండయే. పైకప్పు పగలంతయు కాగి, ఆ వేడిని రాత్రి రెండు గంటల వఱకు నెమ్మదిగా క్రిందికి దింపుచుండును. గదిలో నిద్రపట్టదు. సాయంత్రము కార్యాలయము నుండి వచ్చి మొదట చేయవలసిన పని, నాలుగు బకెట్ల నీళ్ళు మిద్దె నేలపై చల్లుట. నేల బుసలు కొట్టినట్లు ఆవిరి లేచును. ఆ మీద నులకమంచము వాల్చి, తలాపున నీళ్ళ కూజా పెట్టుకొని, నక్షత్రములు చూచుచు పడుకొనవలెను. చుట్టునున్న మిద్దెలన్నింటి పైనను ఇట్లే మంచములు, ఇట్లే కుటుంబములు. చీకటిలో ఒక రేడియో పాడును, ఒక పసిబిడ్డ ఏడ్చును, ఎవ్వరో నవ్వుదురు. నడిరేయి ఒక్కొక్కసారి ధూళితుపాను వచ్చును. అప్పుడు పక్కలు చుట్టుకొని అందఱును ఒక్కసారిగా లోనికి పరుగెత్తుటయు, పది నిముషములకు పండ్ల క్రింద ఇసుకతో మరల పైకి వచ్చుటయు జరుగును. ఆ తరువాత వీచు చల్లగాలికి దేనినైనను క్షమింపవచ్చును.

కూలరు కొనుటకు నాకు స్తోమతు లేకపోయెను. కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టి, దానిపై నీళ్ళు చల్లి, ఒక బల్ల పంకా దాని కెదురుగా పెట్టుకొంటిని. గాలి పొడిగా నున్నంత కాలము ఇది చక్కగా పనిచేయును. నీరు ఆవిరి యగునప్పుడు గాలిలోని వేడిని తీసికొనును కదా. కూలరు రహస్యమును అదియే. జూలైలో గాలియే తడిసియున్నప్పుడు నీరు ఆవిరి కాదు, కూలరు ఎంత గర్జించినను ఒడలు జిగటగానే యుండును. ఇది తెలియక మొదటి సంవత్సరము వర్షకాలమున కూడ నేను తడికపై నీళ్ళు చల్లి గదిని బూజు పట్టించితిని.

కార్యాలయమున ప్రభుత్వపు కూలర్లు ఉండెడివి. కిటికీల కమర్చిన పెద్ద యినుప పెట్టెలు. వాటిలో నీళ్ళు పోయుటకు వేసవి కొఱకే నియమించిన ఒక మనుష్యుడుండెడివాడు. అల్వరు ప్రక్కనున్న పల్లెవాడు. ఏప్రిలులో వచ్చును, వానలు పడి కూలర్లు ఆగినప్పుడు అతని పనియు ఆగును. జూన్ నెలాఖరున మేమందఱము కిటికీలలో నుండి మబ్బు కొఱకు చూచుచుండగా, అతడును చూచెడివాడు. ఆ చూపులో తేడా నాకు చాల దినముల వఱకు తెలియలేదు. ఒకనాడు "ఈ యేడు వాన తొందరగా వచ్చునట కదా" అని నేను సంతోషముతో అన్నప్పుడు, అతడు బకెట్టు క్రింద పెట్టి, "మీకు మంచిదే బాబూ" అని హిందీలో అనెను. అంతకంటె ఏమియు అనలేదు. పిమ్మట నేను అతని యెదుట వానను గూర్చి మాటలాడలేదు.

ఇక ఆ వేసవిలో జరిగిన అసలు సంగతికి వచ్చెదను.

మే నెల మొదటి పక్షము వఱకు పార్లమెంటు బడ్జెటు సమావేశములు. ప్రశ్నలకు సమాధానములు పంపు శాఖలో క్రొత్తవానికి సెలవు అడుగుటకు నోరు రాదు. మా పినతండ్రి కుమార్తె వివాహమునకు పోలేకపోతిని. సెలవు దొరకునాటికి రైళ్ళలో చోటు లేదు. ఇంటికి మూడు ఉత్తరములలో మూడు విధములుగ క్షమాపణలు వ్రాసితిని. నాలుగవ ఉత్తరమునకు ప్రత్యుత్తరముగా మా తండ్రిగారే వచ్చిరి. ఆయన విశ్రాంత ఉపాధ్యాయులు. విజయవాడలో గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, రెండవ తరగతిలో కూర్చుండి, ఒక చేతిలో ఆవకాయ జాడీ, ఒక చేతిలో గొడుగుతో జూన్ మొదటి వారమున దిగిరి. జాడీ మూతికి కట్టిన గుడ్డలో మా అమ్మ వ్రాయించిన చీటి యున్నది. అందు రెండే వాక్యములు: "మీ నాన్నను ఎండలో తిప్పకు. ఓర్చలేరు, ఓర్చలేనని చెప్పరు."

నేను చదివి, మడిచి, జేబులో పెట్టుకొంటిని.

ఆయన ఎందులకు వచ్చిరో చెప్పలేదు. నాకు తెలియును. నన్ను తీసికొనిపోవుటకు వచ్చిరి. అప్పటికే నేను హైదరాబాదుకు బదిలీ కోరుచు అర్జీ ఒకటి వ్రాసి, తేదీ వేయక, కార్యాలయపు సొరుగులో పెట్టుకొని యుంటిని. ఆ మాట ఆయనకు చెప్పలేదు. ఇద్దఱమును ఒకే సంగతిని దాచి, బంగినపల్లి మామిడిని గూర్చి మాటలాడుకొంటిమి. ఢిల్లీ బజారులో బంగినపల్లి పండును సఫేదా యందురు. ఆయనకు ఇది సుతరామును సహింపలేదు. ఒక తోపుడుబండివానితో నిలిచి, ఇది బనగానపల్లె పండని ఇంగ్లీషులోను, తెలుగులోను వాదించిరి. వాడు "హాఁ జీ, సఫేదా" అనెను. 2017లో బంగినపల్లికి భౌగోళిక గుర్తింపు లభించినప్పుడు నేను మొదట తలచినది ఆ తోపుడుబండి ప్రక్కన నిలిచిన మా తండ్రిగారినే.

ఢిల్లీలో ఏమి చూపవలెనని అడిగితిని. ఎఱ్ఱకోట, కుతుబ్ మినారు అందురని తలచితిని. "ఆకాశవాణి" అనిరి. ఆ కాలమున తెలుగు వార్తలు ఢిల్లీ నుండి ప్రసారమయ్యెడివి. మా యూరిలో ప్రొద్దున ఏడు గంటలకు ఆ వార్తలు వినని యిల్లు లేదు. పార్లమెంటు వీథిలోని ఆ భవనము ఎదుట గొడుగు వేసికొని పావుగంట నిలిచిరి. లోనికి పోవుటకు అనుమతి లేదని చెప్పితిని. "లోపలికి ఎందుకు? ఇక్కడినుంచే కదా మన ఊరికి వస్తున్నది" అనిరి.

కాని కొడుకు ఢిల్లీలో ఉద్యోగము చేయుచు తాజమహలు చూపలేదనిన ఊరిలో ఏమందురు? ఆ యావ ఆయనది కాదు, నాది. అంతకు ముందు సంవత్సరము, 1985 జూన్‌లో, కేంద్ర ప్రభుత్వ కార్యాలయములకు అయిదు దినముల వారము వచ్చినది. పెద్దలు దానిని ఇంకను అనుమానముగా చూచుచుండిరి గాని, మావంటి యువకులకు అది వరము. శని, ఆదివారములు రెండును మనవే. ఢిల్లీ చుట్టునున్న ఆగ్రా, మథుర, హరిద్వారము, జయపురములను ఉద్యోగస్థులు ఒక్కొక్కటిగా చూచుటకు ఆ రెండు దినములే ఆధారము. ఒక శనివారము తాజ్ ఎక్స్‌ప్రెస్‌కు టిక్కెట్లు కొంటిని.

ఆ బండి ఉదయము ఏడింటి ప్రాంతమున బయలుదేరి, పదింటి ప్రాంతమున ఆగ్రా చేరును. తిరుగు బండి సాయంత్రము ఏడు గంటల ప్రాంతమున. ఒక్క దినములో చూచి వచ్చువారికి ఆ కాలమున ఇంతకంటె అనుకూలమైన బండి లేకుండెను. శీతకాలమునకు ఇది సత్యము. జూన్‌లో దీని అర్థము వేఱు. పల్నాటివాడు తలుపులు మూసికొను గంటకు మీరు ఎండలో దిగుదురు, అతడు తలుపులు తెఱచు గంట వఱకు ఎండలోనే యుందురు. ఇది ఆలోచింపవలసినవాడను నేను. నేను ఆలోచించినది ఖర్చు.

తాజమహలు చూచితిమి. ఎఱ్ఱరాతి నేలపై పాదరక్షలు లేక నడచితిమి. ఆయన చాలసేపు గోడలలో పొదిగిన రంగురాళ్ళ పూలను వ్రేలితో తాకి చూచి, ఇంత పని చేసినవారి పేర్లు ఎచ్చటనైన వ్రాసినారా అని అడిగిరి. రెండు గంటలకు బయటికి వచ్చితిమి. ఆగ్రా కోట అచ్చటికి సుమారు రెండు కిలోమీటర్లు. టాంగావాడు అడిగిన కిరాయి నాకు అన్యాయమనిపించినది. బేరమాడితిని. వాడు తగ్గలేదు, నేనును తగ్గలేదు. "నడుద్దాం లెండి నాన్నగారూ" అంటిని. ఎన్ని రూపాయల తేడాయో నాకు నేటికిని జ్ఞాపకమున్నది. చెప్పుటకు సిగ్గుగా నున్నది.

మఱియొక సంగతి. మన పెద్దలు ప్రయాణములో నీళ్ళు త్రాగరు. త్రాగినచో దారిలో ఇబ్బంది యని వారి భయము. ఆయన ఉదయము నుండి త్రాగినది ఒక గ్లాసు. నేను గమనింపలేదు.

కోట గోడ కనబడుచున్నప్పుడు ఆయన నిలిచిపోయిరి. ముఖము ఎఱ్ఱబడి యున్నది గాని, చెమట లేదు. చేయి పట్టుకొంటిని. పొయ్యి మీది పాత్ర వలె నున్నది. "రాఘవా, బండి కట్టించావా?" అనిరి. రాఘవయ్య మా పెదతండ్రి. ఆయన పోయి అప్పటికి పదియేండ్లు.

దారి ప్రక్క వేపచెట్టు క్రింద పానీయములమ్ము ముసలివాడొకడు ఇది చూచెను. నన్ను ఏమియు అడుగక, తన నులకమంచము లాగి, ఆయనను పరుండబెట్టి, చొక్కా విప్పి, కుండలో నీళ్ళు తలపైనను, మెడపైనను, చంకలలోను పోసెను. తడిగుడ్డ కప్పి, అట్టముక్కతో నన్ను విసరుమనెను. నేను నోటిలో నీళ్ళు పోయబోగా చేయి తోసివేసెను. తెలివి సరిగా లేనివానికి నీరు పోసినచో ఊపిరితిత్తులలోనికి పోవునని ఆ పామరునికి తెలియును, పట్టభద్రుడనగు నాకు తెలియదు. నేడు వైద్యులు చెప్పునది ఇదియే: వడదెబ్బలో చెమట ఆగి, మాట తడబడినప్పుడు, మొదట ఒడలు చల్లార్పవలెను, అదియు నిముషములలో. ఆసుపత్రికి పోవుట తప్పదు గాని, చల్లార్చుట ఆసుపత్రి వఱకు ఆగరాదు.

ఎంతసేపు విసరితినో తెలియదు. ఆ చెట్టు క్రింద కూర్చుండి నేను ఆలోచించినది ఒక్కటే. చీటిలో రెండే వాక్యములున్నవి, రెండును జేబులో నున్నవి, మా అమ్మకు నేను ఏమని వ్రాయుదును?

ఆయన కన్నులు తెఱచి, నా పేరు పిలిచి, నీళ్ళడిగిరి. అప్పుడు ముసలివాడు కాల్చిన పచ్చిమామిడి గుజ్జుతో, జీలకఱ్ఱ, నల్ల ఉప్పు వేసి చేసిన పానకమును కొంచెము కొంచెముగా త్రాగించెను. దానిని ఆ ప్రాంతమున పన్నా యందురు. రెండు గ్లాసుల వెల మాత్రము లెక్కగా పుచ్చుకొని, టాంగా తానే పిలిచి, మమ్ము ఎక్కించి, నన్ను చూచి, "జేఠ్ నెలలో మధ్యాహ్నమున తండ్రిని నడిపించుకొనివచ్చితివా? నీవేమి కొడుకువు!" అని అందఱును వినునట్లు తిట్టెను. టాంగా మమ్ము నేరుగా ఒక వైద్యుని యొద్దకు చేర్చెను. ఆయన సెలైను పెట్టి, ఆ రాత్రి కదలరాదనెను. ఒక సత్రములో ఉంటిమి.

రాత్రి చాల ప్రొద్దుపోయిన తరువాత, నిద్రపోయిరని నేను తలచుచుండగా, "మీ అమ్మకు చెప్పకు" అనిరి. చెప్పలేదు. ఇరువది సంవత్సరముల తరువాత ఆయనే చెప్పిరి, నా యెదుటనే, నవ్వుచు. మా అమ్మ నవ్వలేదు.

ఆదివారము సాయంత్రము రైలులో ఆయన ఒక ప్రశ్న అడిగిరి. "అబ్బాయీ, నిన్న నాకేమైనా అయి ఉంటే, ఢిల్లీలో నువ్వు కబురు పెట్టడానికి ఎవరున్నారు?" నేను ఆలోచించితిని. ఎనిమిది నెలలుగా ఆ మిద్దెపై నున్నాను. క్రింది యింటి యజమాని పేరు అద్దె రసీదు మీద చదివితిని. అంతే. ఈ సంఘము అప్పటికే యున్నది. మా కార్యాలయపు ప్రకటనల పలకపై దాని కాగితము రోజును చూచెడివాడను. హైదరాబాదు పోవువానికి ఇవన్నియు ఎందుకని తలచెడివాడను.

ఆ ప్రశ్నకు నేను సమాధానము చెప్పలేదు. ఆయనయు తరచి అడుగలేదు. మరునాడు నేను కార్యాలయము నుండి వచ్చునప్పటికి ఆయన మిద్దెపై లేరు. క్రింది యింట ఉన్నారు. ఆ యింటి పెద్ద, 1947లో ముల్తాను నుండి కట్టుబట్టలతో వచ్చినవాడు, మా తండ్రిగారి కంటె నాలుగేండ్లు పెద్ద. ఇద్దఱికిని ఉన్న ఉమ్మడి భాష పాతకాలపు బడి ఇంగ్లీషు. ఒకరి యెండను గూర్చి ఒకరు చెప్పుకొనుచున్నారు. ముల్తాను ఎండకు, రెంటచింతల ఎండకు పోటీ పెట్టిరి. ఏది గెలిచినదో నాకు తెలియలేదు. ఆ యింటి ఇల్లాలు మా అమ్మ ఆవకాయను పరాఠాతో తిని, కన్నుల నీళ్ళు తుడుచుకొని, మరల అడిగిరి. జాడీ వారమునకే ఖాళీ యయ్యెను. మా తండ్రిగారు ఆమెను వెంటబెట్టుకొని మార్కెట్టుకు పోయి, రామ్‌కేలా యను పచ్చడి మామిడి తెచ్చి, ఆవపిండి కొట్టించి, మిద్దె నీడలో కూర్చుండి తమ చేతులతో ఆవకాయ పెట్టిరి. జీవితమున ఆయన ఆవకాయ పెట్టినది అదియే మొదలు. ఉప్పు ఎక్కువైనది. క్రింది యింటివారు ఏడాదంతయు మెచ్చుకొనుచు తినిరి.

పది దినములుండి ఆయన వెళ్ళిపోయిరి. నన్ను రమ్మనలేదు. నేను బదిలీ అర్జీకి తేదీ వేసి పంపితిని. మీరు వేఱు విధముగా ఊహించి యుందురు, కాని పంపితిని. ఖాళీలు లేవని మూడు నెలలకు సమాధానము వచ్చెను. దానిని ఫైలులో పెట్టి, ఆ సాయంత్రము ఈ సంఘమునకు వచ్చి, చందా కట్టి, గ్రంథాలయమున ఒక పుస్తకము తీసికొని పోతిని. రెండవ అర్జీ వ్రాయలేదు. ఎందుకు వ్రాయలేదో నన్ను అడిగిన సరియైన కారణము చెప్పలేను.

నాల్గవ వేతన సంఘపు సిఫారసులు 1986 జనవరి 1 నుండి అమలునకు వచ్చినందున కొన్ని బకాయిలు చేతికందెను. వాటితో కూలరు కొంటిని. మరుసటి యేడు, 1987, దేశమంతట అనావృష్టి. జూలై కడపటి వారము వఱకు ఢిల్లీకి ఋతుపవనములు రాలేదు. నా కూలరు ఖరీదు ఆ ఒక్క వేసవిలోనే తీరినది. మా కార్యాలయపు నీళ్ళ మనుష్యునికి ఆ యేడు ఒక నెల పని అధికముగా దొరకెను. కాని అతని పొలము ఎండెను. ఆ రెండును కలిపి లెక్క వేయుమని అతడు నన్నడుగలేదు. నేను అడిగి తెలిసికొంటిని.

తరువాతి వేసవులలో యాత్రలు మానలేదు. గంటలు మార్చితిని. వేసవిలో ఢిల్లీ చూడవలసినవాడు తెల్లవాఱుజామున చూడవలెను. అయిదున్నరకు లోదీ ఉద్యానమున నున్నచో, ఎనిమిదింటికి ఇంటికి రావచ్చును. మే నెలలో రేలచెట్లు పసుపు గుత్తులతో వ్రేలాడును. జూన్ చివర క్రొత్త ఢిల్లీ రహదారుల నేరేడుచెట్ల క్రింద నేల నల్లబడును. మధ్యాహ్నమున తప్పనిసరియైనచో, మెహ్రౌలీలోను హేలీ రోడ్డు ప్రక్కనను ఉన్న మెట్ల బావులవంటివి వెదకవలెను. పాతకాలపువారు ఎండకు ఎదురు నిలువక భూమిలోనికి దిగిరి. రాత్రి భోజనానంతరము ఇండియా గేటు పచ్చికపై కుటుంబములతో కూర్చుండుట కూడ ఒక యాత్రయే. దానికి టిక్కెట్టు లేదు.

కొండలకు పోవలెననినచో శుక్రవారము రాత్రి బస్సు ఎక్కి, సోమవారము తెల్లవాఱునప్పటికి తిరిగి వచ్చుట మా పద్ధతి. 1988లో నలుగురము ముస్సూరీ పోతిమి. అచ్చట జార్జి ఎవరెస్టు నివసించిన యిల్లు కలదు. అప్పుడు శిథిలముగా నుండెను. ఇటీవలి కాలమున బాగుచేసినారు. హిమాలయ శిఖరమునకు ఆయన పేరు పెట్టినది 1865లో. కాని నాకు ఆసక్తి కలిగించినది వేఱు సంగతి. ఆయన ఒకప్పుడు పనిచేసినది మన కృష్ణా గోదావరుల మధ్య. 1802లో మద్రాసు వద్ద లాంబ్టన్ ఆరంభించిన భూమి కొలతలో సహాయకుడుగా హైదరాబాదు వచ్చి, మన అడవులలో జ్వరపడి, 1820లో విశ్రాంతికై దక్షిణాఫ్రికాలోని కేప్ కాలనీకి పోవలసివచ్చెను. వేసవిలో దుమ్ము వలన దూరము కనబడదు. వాన కడిగిన గాలిలోనే దూరపు గుఱుతులు స్పష్టమగును గనుక, వారు వర్షకాలమున కొలిచెడివారు, జ్వరములు తెచ్చుకొనెడివారు. మెడికల్ లీవు మీద పోయి, తిరిగి అదే పనిలో చేరి, చివరకు సర్వేయర్ జనరల్ అయినాడన్నమాట. మా మిత్రులలో అప్పుడు సెలవు తిరస్కరింపబడినవాడు ఒకడుండెను. అతడు ఆ కథ విని చాలసేపు కొండ వైపు చూచి, "వానికి సెలవు ఇచ్చినదెవరు?" అని అడిగెను.

నేడు మీ గదులలో శీతల యంత్రములున్నవి, మెట్రో రైలున్నది, వాతావరణ శాఖ వారి హెచ్చరికలు చేతిలోని ఫోనుకే వచ్చుచున్నవి. మిద్దెలపై మంచములు దాదాపు మాయమైనవి. మీ తలిదండ్రులు మాత్రము పూర్వమువలెనే జాడీలు పట్టుకొని మే, జూన్‌లలోనే వత్తురు. మనుమల బడి సెలవులు అప్పుడే కదా. వారు ప్రయాణములో పూర్వమువలెనే నీళ్ళు త్రాగరు. ఓర్చలేమని పూర్వమువలెనే చెప్పరు. గ్లాసులు మీరు లెక్కపెట్టుడు.

కార్యదర్శిగారు గడియారము చూచుచున్నారు. వచ్చే ఆదివారము మన సంఘము వారు మెహ్రౌలీ యాత్ర ఏర్పాటు చేసినారు. బస్సు ఈ భవనము ఎదుట నుండి ఉదయము అయిదున్నరకు బయలుదేరును, తొమ్మిదింటికి తిరిగి వచ్చును. ఆలస్యముగా వచ్చువారి కొఱకు ఆగదు. క్రొత్తవారు పేర్లు ఈ సాయంత్రమే ఇవ్వవలెను. ఇంట పెద్దలు వచ్చియున్నచో వారిని తప్పక తీసికొని రండు. కూజా నేను తెత్తును, పన్నా మా ఇంటివారు చేయుదురు. ఉప్పు ఎక్కువ కాకుండ చూచుకొందుము.